పల్స్ మోటారుతో బ్యాటరీ ఛార్జింగ్: ఇంట్లో కట్టే పద్ధతి, తప్పులు పట్టుకునే పద్ధతి

పాత రకం ట్యూబులైటులో స్టార్టరు తెరుచుకున్న క్షణాన చోకులోంచి ఒక వోల్టేజీ దెబ్బ పుడుతుంది. ఆ దెబ్బకే ట్యూబు వెలుగుతుంది. కాయిల్‌లో పారుతున్న కరెంటును హఠాత్తుగా ఆపితే, అందులో అయస్కాంత క్షేత్రంగా నిలిచి ఉన్న శక్తి ఏదో ఒక దారి వెతుక్కుని బయటపడి తీరుతుంది. పల్స్ మోటారు ఛార్జరు చేసే పని ఇదే: అయస్కాంతాలు బిగించిన చక్రాన్ని ఒక కాయిల్ కొద్దికొద్దిగా నెడుతూ తిప్పుతుంది, నెట్టిన ప్రతిసారీ ఆ కాయిల్‌లో మిగిలిన శక్తిని రెండో బ్యాటరీలోకి మళ్లిస్తుంది. అమెరికాలో ఆడియో ఆంప్లిఫయర్లు తయారు చేసిన జాన్ బెడిని (1949-2016) ఈ తరహా అమరికలకు 2002లోనూ 2003లోనూ పేటెంట్లు పొందడంతో, ప్రపంచమంతటా ఇది ఆయన పేరుతోనే చలామణి అవుతున్నది.

ఇది పెట్టినదాని కంటే ఎక్కువ శక్తిని తిరిగి ఇస్తుందన్న ప్రచారం కూడా దానితో పాటే చలామణి అవుతున్నది. అది నిజం కాదు, ఎందుకు కాదో ఈ వ్యాసంలోనే లెక్క కట్టి చూద్దాం. అయినా ఈ యంత్రాన్ని ఒకసారి చేతితో కట్టి చూడమని చెప్పడానికి నాకు సంకోచం లేదు. కాయిల్, ట్రాన్సిస్టర్, డయోడ్, బ్యాటరీ అనే నాలుగింటి స్వభావాన్ని ఇంత తక్కువ ఖర్చులో కళ్లకు కట్టినట్టు చూపించే పరికరం మరొకటి నాకు తెలియదు.

కాయిల్ చుట్టడం

మోటార్లు రీవైండింగ్ చేసే దుకాణంలో ఎనామిల్ రాగి తీగ తూకానికి దొరుకుతుంది. చక్రాన్ని నెట్టే ప్రధాన కాయిల్‌కు 24 గేజి తీగ 100 గ్రాములు, ట్రాన్సిస్టర్‌కు సంకేతమిచ్చే ట్రిగ్గర్ కాయిల్‌కు 27 గేజి తీగ 60 గ్రాములు తీసుకుంటే సరిపోతుంది. రెండూ 40 మీటర్లకు పైగానే వస్తాయి. 80 మి.మీ. పొడవు, 20 మి.మీ. లోపలి గొట్టం ఉన్న బాబిన్ (తీగ చుట్టే రీలు) మీద ఈ రెండు తీగలనూ పక్కపక్కనే పట్టుకుని, ఒకేసారి, ఒకే దిశలో, 450 చుట్లు చుట్టాలి. చుట్టడం మొదలుపెట్టే ముందే రెండు తీగల మొదళ్లకూ ఎర్ర టేపు ముక్కలు అంటించాలి. ఈ చిన్న పని అప్పుడు చేయకపోతే, చుట్టడం పూర్తయ్యాక ఏది మొదలో ఏది చివరో తేల్చుకోవడానికి ఒక సాయంత్రం పోతుంది. నా మొదటి కాయిల్‌కు అదే జరిగింది.

చుట్టడం అయ్యాక నాలుగు కొసల మీదా ఎనామిల్‌ను బ్లేడుతో శుభ్రంగా గీకి, సోల్డరు పూసి, మల్టీమీటరుతో కొలవాలి. ప్రధాన కాయిల్ సుమారు 3 ఓమ్‌లు, ట్రిగ్గర్ కాయిల్ సుమారు 5 ఓమ్‌లు చూపాలి. ఒక కాయిల్‌కూ మరోదానికీ మధ్య ఏ సంబంధమూ ఉండకూడదు. ఉంటే ఎక్కడో ఎనామిల్ ఒలిచిపోయి రెండు తీగలూ తాకుతున్నట్టు, విప్పి మళ్లీ చుట్టడం తప్ప దారి లేదు.

బాబిన్ గొట్టంలో ఇనుప కోర్ ఉండాలి. దీనికి రాగి పూత ఉన్న గ్యాస్ వెల్డింగ్ రాడ్లను ముక్కలుగా కోసి వాడడం ఆనవాయితీ. అవి దొరకనివారు స్లాబు పనుల్లో రాడ్లు కట్టే బైండింగ్ వైరును వాడుకోవచ్చు. అది కాల్చి మెత్తబరచిన ఇనుము గనుక అయస్కాంతత్వాన్ని సులువుగా పట్టి సులువుగా వదిలేస్తుంది, కోర్‌కు కావలసింది కూడా ఆ గుణమే. తీగను రెండు కొసలా పట్టి లాగి సాపు చేసి, 80 మి.మీ. ముక్కలు కోసి, వాటికి వార్నిషు పూసి ఆరాక గొట్టం నిండా బిగువుగా దూర్చాలి. ముక్కలకు బదులు ఒకే ఒక లావుపాటి ఇనుప బోల్టు పెడితే పని సులువేగానీ, దానిలో సుడి కరెంట్లు పుట్టి శక్తిలో పెద్ద వాటా వేడిగా పోతుంది. ముక్కలకు వార్నిషు పూయడం ఆ సుడులను తెంచడానికే.

చక్రం, అయస్కాంతాలు

పిల్లల సైకిలుకు వాడే 20 అంగుళాల చక్రం ఈ పనికి బాగా ఒదుగుతుంది. హబ్బులోని గ్రీజు తీసేసి, పలుచని మెషిన్ ఆయిల్ రెండు చుక్కలు వేస్తే చేతితో తిప్పినప్పుడు చాలాసేపు తిరుగుతుంది. రిమ్ము చుట్టుకొలత సుమారు 1.27 మీటర్లు, కాబట్టి 16 అయస్కాంతాలు పెడితే మధ్య నుంచి మధ్యకు 8 సెం.మీ. దూరం వస్తుంది. అయస్కాంతం వెడల్పు 25 మి.మీ. అయితే, దానికి రెండింతలకు పైగా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ అవసరం. అయస్కాంతాలు మరీ దగ్గరగా ఉంటే ఒకటి పూర్తిగా వెళ్లకముందే ఇంకొకటి వచ్చి ట్రిగ్గర్ సంకేతం చెదిరిపోతుంది.

నల్లటి ఫెర్రైట్ అయస్కాంతాలే వాడాలి. మెరిసే నియోడిమియం అయస్కాంతాలు చూడ్డానికి ఆశ పుట్టిస్తాయిగానీ, అవి ఇనుప కోర్‌ను అంత బలంగా లాగడం వల్ల చక్రం ఒక్కో అయస్కాంతం దగ్గర అతుక్కున్నట్టు ఆగి, కదలడానికే మొరాయిస్తుంది. అన్ని అయస్కాంతాల ఉత్తర ధ్రువమూ బయటికే ఉండాలి. ఉత్తరం ఏదో తెలుసుకోవడానికి ఒకదాన్ని ముఖం పక్కకు ఉండేలా దారంతో వేలాడదీసి, ఇనుప వస్తువులకు దూరంగా కుదురుకోనిస్తే, భూమి ఉత్తర దిక్కును చూసే ముఖమే ఉత్తర ధ్రువం. తరువాత మిగిలిన 15 అయస్కాంతాలనూ దాని మీద దొంతిగా పేర్చాలి. దొంతిలో అన్నీ వాటంతట అవే ఒకే దిక్కుకు సర్దుకుంటాయి గనుక, పైనుంచి ఒక్కొక్కటే ఊడదీస్తూ, ఒకే వైపు ముఖం మీద సున్నంతో చుక్క పెట్టి పక్కన పెడితే పొరపాటు జరగదు.

అరాల్డైట్‌తో అతికించిన తరువాత, రిమ్ము చుట్టూ పీచు కలిసిన టేపును రెండు వరుసలు బిగువుగా చుట్టడం తప్పనిసరి. నిమిషానికి 300 చుట్లు తిరిగే ఈ చక్రం అంచు సెకనుకు 6 మీటర్లకు పైగా కదులుతుంది, జిగురు వీడిన ఫెర్రైట్ ముక్క కంటికి తగిలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. మొదటిసారి తిప్పేటప్పుడు చక్రం అంచుకు ఎదురుగా, అది తిరిగే తలంలో నిలబడకుండా పక్కన ఉండాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి.

కాయిల్ కోర్‌కూ అయస్కాంతానికీ మధ్య సందు 3 మి.మీ. ఉంచి మొదలుపెట్టవచ్చు. నాలుగు ఏటీఎం కార్డులు దొంతిగా పెడితే దాదాపు అంత మందం వస్తుంది.

సర్క్యూటు

విడిభాగాలు కొన్నే. ఒక 2ఎన్3055 ట్రాన్సిస్టర్, దానికి హీట్ సింకు, మైకా వాషరు, రెండు 1ఎన్4007 డయోడ్లు, 100 ఓమ్‌ల 1 వాటు రెసిస్టరు, 1 కిలో ఓమ్ పొటెన్షియోమీటరు, 47 వోల్టుల 5 వాట్ల జీనర్ (ఆ వోల్టేజీ దాటితే కరెంటును తనగుండా వదిలే డయోడ్), 2 ఆంపియర్ల ఫ్యూజు. హైదరాబాదులో ఉన్నవారికి కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి. బ్యాటరీలు రెండూ యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల సీల్డు లెడ్ యాసిడ్ రకానివే తీసుకోవాలి. లిథియం సెల్లుల మీద ఈ ప్రయోగం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. వాటి వోల్టేజీని హద్దులో ఉంచే ఏర్పాటు ఇందులో లేదు.

రెండు బ్యాటరీలను నడిపే బ్యాటరీ, నిండే బ్యాటరీ అని పిలుచుకుందాం. నడిపే బ్యాటరీ ప్లస్ ఫ్యూజు గుండా ప్రధాన కాయిల్ మొదలుకు వెళ్తుంది. ట్రాన్సిస్టర్‌కు కలెక్టరు, ఎమిటరు, బేస్ అని మూడు కొసలుంటాయి. ప్రధాన కాయిల్ చివర కలెక్టరుకు, ఎమిటరు నడిపే బ్యాటరీ మైనస్‌కు కలుస్తాయి. ట్రిగ్గర్ కాయిల్ మొదలు 100 ఓమ్‌ల రెసిస్టరు, పొటెన్షియోమీటరు గుండా బేస్‌కు, దాని చివర ఎమిటరుకు వెళ్లాలి. బేస్‌కూ ఎమిటరుకూ మధ్య ఒక 1ఎన్4007ను, దాని ఒంటి మీది గీత బేస్ వైపు ఉండేలా పెట్టాలి. రెండో 1ఎన్4007 కలెక్టరు నుంచి నిండే బ్యాటరీ ప్లస్‌కు, గీత బ్యాటరీ వైపు ఉండేలా. ఇక నిండే బ్యాటరీ మైనస్ వచ్చి కలిసేది నడిపే బ్యాటరీ ప్లస్ దగ్గర, అదీ ఫ్యూజు దాటిన తరువాత, కాయిల్ మొదలు ఉన్న చోట.

ఈ చివరి వాక్యం దగ్గరే చాలామంది పొరబడతారు. రెండు మైనస్‌లనూ ఒకటిగా కలిపేయడం చేతికి అలవాటైన పని. ఇక్కడ ఈ తీగ ఉండగా మైనస్‌లను కూడా కలిపితే నడిపే బ్యాటరీ నేరుగా షార్టవుతుంది. కాయిల్ రెండు కొసల మధ్య డయోడూ నిండే బ్యాటరీ వరుసగా ఉన్నాయని, ఆ వలయంలో నడిపే బ్యాటరీకి చోటు లేదని కాగితం మీద ఒకసారి గీసి చూసుకుంటే సందేహం తీరిపోతుంది. ట్రాన్సిస్టర్ మూసుకున్నప్పుడు, అంటే కరెంటును ఆపేసినప్పుడు, ఆ వలయంలో తిరిగేది కాయిల్‌లో మిగిలిన శక్తి ఒక్కటే. ఫ్యూజు ఆ వలయానికి బయట ఉండాలనడం కూడా అందుకే: ఫ్యూజు ఎగిరిపోయినా కాయిల్‌లోని శక్తికి దారి మూసుకుపోదు.

పని జరిగే తీరు ఇది. అయస్కాంతం కోర్‌ను దాటి వెళ్తుండగా ట్రిగ్గర్ కాయిల్‌లో వోల్టేజీ పుట్టి బేస్‌ను తెరుస్తుంది. ప్రధాన కాయిల్‌లో కరెంటు పెరిగి, కోర్ పైముఖం ఉత్తర ధ్రువమై, వెళ్లిపోతున్న ఉత్తర ధ్రువాన్ని ఇంకాస్త ముందుకు నెడుతుంది. అయస్కాంతం దూరమయ్యాక బేస్ కరెంటు పడిపోతుంది, ట్రాన్సిస్టర్ మూసుకుంటుంది, కాయిల్‌లోని శక్తి డయోడ్ గుండా నిండే బ్యాటరీకి చేరుతుంది. చుట్టే దిశ మారి కోర్ ధ్రువం తలకిందులైనా యంత్రం ఆగదు. అప్పుడు వెళ్లేదాన్ని నెట్టడానికి బదులు వచ్చేదాన్ని లాగుతూ తిరుగుతుంది.

బేస్-ఎమిటరు డయోడ్ చిన్నదిగా కనిపించినా దాన్ని వదిలేయకూడదు. నిండే బ్యాటరీ 14 వోల్టుల దగ్గర ఉంటే, రెండు కాయిల్‌ల చుట్లూ సమానం గనుక, మూసుకున్న క్షణాన ట్రిగ్గర్ కాయిల్‌లోనూ అంతే వోల్టేజీ ఎదురు దిశలో పుడుతుంది. 2ఎన్3055 బేస్-ఎమిటరు జంక్షను ఎదురు దిశలో తట్టుకునేది 7 వోల్టులే. ఇక కలెక్టరు మీద పడేది రెండు బ్యాటరీల మొత్తం, సుమారు 27 వోల్టులు. ఈ ట్రాన్సిస్టర్ 60 వోల్టుల దాకా తట్టుకుంటుంది. నిండే బ్యాటరీ తీగ ఊడితే మాత్రం ఆ వోల్టేజీకి హద్దు ఉండదు. చాలా సర్క్యూటు బొమ్మల్లో రక్షణ కోసం అక్కడ చిన్న నియాన్ బల్బు చూపిస్తారు. అది వెలగాలంటేనే 60 వోల్టులు దాటాలి, పైగా అది కొద్ది మిల్లీ ఆంపియర్లకు మించి మోయలేదు. కాబట్టి నా దృష్టిలో అది కాపలాదారు కాదు, ప్రమాదం జరిగిపోయిందని చెప్పే గంట మాత్రమే. కలెక్టరుకూ ఎమిటరుకూ మధ్య 47 వోల్టుల జీనర్‌ను, గీత కలెక్టరు వైపు ఉండేలా పెట్టడం మేలు.

2ఎన్3055 లోహపు ఒళ్లంతా కలెక్టరే. హీట్ సింకుకు మైకా లేకుండా బిగిస్తే హీట్ సింకు మొత్తం కలెక్టరు అయిపోతుంది. అది దేన్ని తాకినా షార్టే.

మొదటి నడక

ముందుగా నిండే బ్యాటరీని, ఆ తరువాతే నడిపే బ్యాటరీని కలపాలి. తీసేటప్పుడు ముందు నడిపేదాన్ని, చివరగా నిండేదాన్ని తీయాలి. పొటెన్షియోమీటరును పూర్తి నిరోధం దగ్గర పెట్టి చక్రాన్ని చేతితో గట్టిగా ఒక తిప్పు తిప్పాలి. ఈ యంత్రం తనంతట తాను మొదలుకాదు. వేగం నిలకడగా పెరుగుతుంటే, కొద్దికొద్దిగా నిరోధం తగ్గించుకుంటూ రావాలి. మొత్తం నిరోధం 500 ఓమ్‌ల దగ్గర ఉన్నప్పుడు బేస్‌లో సుమారు 20 మిల్లీ ఆంపియర్లు, కాయిల్‌లో 1 ఆంపియరు శిఖరం వస్తుందని అంచనా వేసుకోవచ్చు. గదికి గాలి ఆడాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎక్కువ ఛార్జయితే హైడ్రోజన్ వదులుతుంది, గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. నిండే బ్యాటరీ 14.4 వోల్టులు చేరగానే ఆపేయాలి.

తప్పు ఎక్కడుంది?

చక్రం తిప్పి వదిలితే కరెంటు ఉన్నా లేకున్నా ఒకేలా మెల్లగా ఆగిపోతుంటే, ట్రిగ్గర్ వైపు దారి తెగినట్టు. నూటికి తొంభై పాళ్లు అది గీకని ఎనామిల్ మీద పెట్టిన సోల్డరే. పైకి మెరుస్తూ ఉంటుంది, లోపల అంటుకుని ఉండదు. కరెంటు పెట్టినప్పుడు చక్రం ఇంకా తొందరగా ఆగిపోతుంటే, సర్క్యూటు బ్రేకు వేస్తున్నదన్నమాట. ట్రిగ్గర్ కాయిల్ రెండు కొసలనూ ఒకదాని స్థానంలో మరోదాన్ని మార్చి కలిపితే అది సరిపోతుంది. ఎర్ర టేపు అంటించినవారికి ఈ అవస్థ రాదు.

చక్రం తిరుగుతూనే ప్రతి చుట్టులో ఒకచోట కుంటుతున్నట్టు అనిపిస్తే, ఏదో ఒక అయస్కాంతం తలకిందులుగా అతికింది. చక్రాన్ని చేతితో మెల్లగా తిప్పుతూ, మరో అయస్కాంతాన్ని ఉత్తర ముఖం ఎదురుగా ఉండేలా పట్టుకుని ఒక్కొక్కదాన్నీ పరీక్షించాలి. నెట్టవలసిన చోట లాగేదే దోషి.

సన్నటి ఈల శబ్దం వినిపించి, ట్రాన్సిస్టర్ వేడెక్కి, చక్రం వేగం పడిపోతుంటే, అయస్కాంతాలతో నిమిత్తం లేకుండా రెండు కాయిల్‌లూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ ఆసిలేటరుగా మారిపోయాయని అర్థం. బేస్ నిరోధం పెంచితే ఈల ఆగుతుంది. ఈల లేకుండానే ట్రాన్సిస్టర్ చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతూ, నిండవలసిన బ్యాటరీ వోల్టేజీ ఉల్టా తగ్గుతుంటే, ఛార్జింగ్ డయోడ్ తిరగబడింది. అప్పుడు ట్రాన్సిస్టర్ తెరుచుకున్న ప్రతిసారీ రెండు బ్యాటరీలూ వరుసగా కలిసి, మధ్యలో కాయిల్ అడ్డు కూడా లేకుండా, దాని మీదే పడతాయి. దాన్ని వెంటనే ఆపాలి.

జీనర్ వేడెక్కుతుంటే శక్తి నిండే బ్యాటరీకి చేరడం లేదు. అప్పుడు వదులైన క్లిప్పును, డయోడ్ తెగిపోవడాన్ని, సల్ఫేషన్ పట్టిన (పలకల మీద సీసం సల్ఫేటు గట్టిపడిన) బ్యాటరీని ఇదే వరుసలో అనుమానించాలి. ఫ్యూజు మాటిమాటికీ ఎగిరిపోతూ, చక్రం ఒకచోట బిగుసుకున్నట్టు నిలిచిపోతుంటే, ట్రాన్సిస్టర్ షార్టయి కాయిల్‌లో ఆగకుండా 4 ఆంపియర్లు పారుతున్నాయి. ట్రాన్సిస్టర్‌ను విడదీసి, మల్టీమీటరును డయోడ్ స్థానంలో పెట్టి చూస్తే మంచిదానికి బేస్ నుంచి ఎమిటరుకూ, బేస్ నుంచి కలెక్టరుకూ 0.6 వోల్టు దరిదాపు చూపాలి, కలెక్టరు-ఎమిటరు మధ్య ఎటు పెట్టినా ఏమీ చూపకూడదు.

కొలత

ఈ యంత్రం గురించి పుట్టిన అద్భుతాల్లో ఎక్కువ భాగం మల్టీమీటరు పుట్టించినవే. నడుస్తున్నప్పుడు బ్యాటరీ కొసల మీద మీటరు పెడితే పల్సుల వల్ల అంకెలు గంతులేస్తాయి. ఆపిన వెంటనే కొలిస్తే పలకల ఉపరితలం మీద ఉన్న ఛార్జి వల్ల 13 వోల్టులకు పైన కనిపిస్తుంది, ఒక రాత్రి గడిచాక అదే 12.4కు దిగుతుంది. విశ్రాంతిలో ఉన్న మంచి బ్యాటరీ నిండినప్పుడు సుమారు 12.8, సగం ఉన్నప్పుడు సుమారు 12.2 వోల్టులు చూపుతుంది. అయినా వోల్టేజీ పెరగడం వేరు, ఛార్జి చేరడం వేరు.

కరెంటును నమ్మకంగా కొలవాలంటే, ప్రతి బ్యాటరీ మైనస్ తీగలో 1 ఓమ్ రెసిస్టరు ఒకటి వరుసగా పెట్టి, దాని రెండు కొసల నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టరు గుండా 100 మైక్రోఫారడ్ కెపాసిటరుకు కలిపి, ఆ కెపాసిటరు మీద మిల్లీ వోల్టులు చదవాలి. కెపాసిటరు పల్సులను సగటు చేసేస్తుంది, కాబట్టి ఎన్ని మిల్లీ వోల్టులు కనిపిస్తే అన్ని మిల్లీ ఆంపియర్లు. బ్యాటరీ వోల్టేజీ దాదాపు స్థిరంగా ఉంటుంది గనుక ఈ సగటును దానితో గుణిస్తే వాట్లు వస్తాయి.

ఎంత రావచ్చో ముందే లెక్క వేసుకోవచ్చు. ఇనుప కోర్‌తో ఈ కాయిల్ ఇండక్టెన్సు, అంటే అయస్కాంత క్షేత్రంగా శక్తిని నిలవ చేసే సామర్థ్యం, 10 మిల్లీ హెన్రీల దరిదాపుల్లో ఉంటుందనుకుందాం. కరెంటు శిఖరం 1 ఆంపియరు అయితే, ఇండక్టెన్సులో సగాన్ని కరెంటు వర్గంతో గుణించగా ఒక్కో పల్సులో నిలవ ఉండేది 5 మిల్లీ జౌళ్లు. నిమిషానికి 300 చుట్లు, చుట్టుకు 16 అయస్కాంతాలు, అంటే సెకనుకు 80 పల్సులు. మొత్తం 0.4 వాటు, 13 వోల్టుల దగ్గర 30 మిల్లీ ఆంపియర్లు. నడిపే బ్యాటరీ వైపు 1 ఆంపియరు పల్సు 2 మిల్లీ సెకన్లు ఉంటే సగటు 160 మిల్లీ ఆంపియర్లు, అంటే దాదాపు 2 వాట్లు. పెట్టిన రూపాయిలో నాలుగణాలు కూడా అటు చేరలేదు. మిగిలింది తీగ వేడికీ, ట్రాన్సిస్టర్ వేడికీ, కోర్‌కూ, చక్రం గాలిని తోయడానికీ పోయింది. ఈ లెక్కన ఖాళీ అయిన 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నిండడానికి పది రోజులు రాత్రింబగళ్లు చక్రం తిరగాలి.

లెక్క మీద నమ్మకం లేనివారు బ్యాటరీనే అడగవచ్చు. రెండు బ్యాటరీలనూ మామూలు ఛార్జరుతో నింపి, ఒక రాత్రి వదిలి, ఒక్కోదానికీ 12 వోల్టుల 5 వాట్ల వాహనపు బల్బు కలిపి, వోల్టేజీ 11.5కు దిగడానికి ఎన్ని గంటలు పట్టిందో రాసుకోవాలి. తరువాత నడిపే బ్యాటరీని మామూలు ఛార్జరుతో మళ్లీ నింపి, నిండే బ్యాటరీని పల్స్ మోటారుతో ఛార్జి చేసి, అదే బల్బుతో, అదే 11.5 దాకా మళ్లీ వెలిగించాలి. బల్బు వెలిగిన గంటలే అసలు లెక్క.

పాత బ్యాటరీల సంగతి వేరుగా చెప్పాలి. ఎంతోకాలం వాడకుండా పడి ఉండి తేలికపాటి సల్ఫేషన్ పట్టిన బ్యాటరీ, ఇలా చిన్న కరెంటుతో చాలా రోజులు ఛార్జి చేసి, బల్బుతో ఖాళీ చేసి, మళ్లీ ఛార్జి చేస్తే కొంత తేరుకోవచ్చు. అయితే రాత్రంతా ఛార్జి చేసి వదిలినా విశ్రాంతిలో 10.5 వోల్టుల దగ్గరే నిలబడిపోయే బ్యాటరీలో ఆరు సెల్లుల్లో ఒకటి లోపల షార్టయింది. దాన్ని ఏ పల్సూ బాగు చేయదు. అది కొత్త బ్యాటరీ కొనేటప్పుడు తూకానికి వేయవలసిన సీసం.